నవత సముద్రంలో ఐదు రాగి పైసలు

31 అక్టోబర్ 2025, శుక్రవారం

డాక్టర్ గారు ఒప్పుకున్నారు! మా బిడ్డ నవతకు పని ఇస్తామన్నారు! పొద్దున పదకొండు గంటలకు చెప్పింది, ఇప్పుడు సాయంత్రం నాలుగు, ఇంకా నా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

నారాయణగూడలో రామచంద్రరావు గారికి పెద్ద దవాఖానా ఉంది. దాని ముందు గదిలో ఉప్పునీళ్ల తొట్టి, అందులో సముద్రపు చేపలు, పగడాలు. దవాఖానా కొత్త బిల్డింగులోకి మారుతోంది. ఆ తొట్టిలోని ప్రాణాలన్నిటినీ అక్కడ ఇంకా పెద్ద తొట్టిలోకి మార్చాలి. ఎవరిని నమ్మాలో తెలియక ఆయన ఆగిపోయారట. మా నవత నేరుగా వెళ్లి అడిగిందట. ఏమన్నదో నాకు అట్లనే చెప్పింది.

"సార్, ముందు మా ఇంట్ల తొట్టి మారుస్తున్న. మూడు అడుగుల దాంట్లకెల్లి ఆరు అడుగుల దాంట్లకు. మూడు వారాలు ఆగి వచ్చి చూడుండ్రి. ఒక్క నత్త చచ్చినా నాకు పని ఇయ్యకుండ్రి."

ఏం ధైర్యం! ఎంత మాట! ఆయన నవ్వి సరే అన్నారట. మార్చడమే కాదు, తర్వాత నెలనెలా చూసుకునే పని కూడా ఆమెకేనట. ఇరవై మూడో తారీఖు ఆదివారం స్వయంగా మన చిక్కడపల్లి గల్లీలోకి, ఈ రెండు గదుల కిరాయి ఇంటికి వస్తారు.

ఈ పిల్ల ఏడేళ్లు సర్కారు కొలువు పరీక్షల కోసం అశోక్ నగర్ రీడింగ్ రూముల్లో కూర్చుంది. రెండుసార్లు రెండేసి మార్కులతో పోయింది, ఒకసారి పరీక్షే రద్దయిపోయింది. నాలుగో ఏడు ఎవరో స్నేహితురాలు వేలంత పగడం తునక ఇస్తే, పుస్తకాల బల్ల ఖాళీ చేసి దాని మీద గాజు తొట్టి పెట్టింది. అప్పుడు నేను రెండు నెలలు మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సింది. ఆ తునక ఇప్పుడు దోసెడంత అయింది.

అందరికీ ఫోన్ చేశాను. మా ఆవిడ మంజుల అన్నది, "పెండ్లి కుదిరినట్టు చెప్తున్నవ్. జర కానియ్యి ముందు."

ఆమె ఎప్పుడూ అంతే.

2 నవంబర్, ఆదివారం

అయింది! అంతా మారింది! ఒక్క ప్రాణం పోలేదు!

ట్రాలీలో కొత్త తొట్టి నిన్ననే వచ్చింది. ఆరుగురు మోశారు. గల్లీ మొత్తం నిలబడి చూసింది. నవత రాత్రికే నీళ్లు నింపి, సముద్రపు ఉప్పు కలిపి, పాత తొట్టిలో ఎంత ఉప్పు ఉందో దీనిలోనూ అంతే ఉండేటట్టు నీళ్లలో గాజు గొట్టం తేల్చి చూసింది. నాకు అర్థమైనంత వరకు అసలు కష్టం నీళ్లు మార్చడంలో లేదు, తేడా తెలియకుండా మార్చడంలో ఉంది. వేడి తేడా రాకూడదు, ఉప్పు తేడా రాకూడదు. పాత ఇసుక కదిలిస్తే అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న విషం లేస్తుంది, కాబట్టి పై పొర ఇసుక మాత్రమే గిన్నెతో తీసుకుంది. రాళ్లను గాలి తగలకుండా టబ్బుల్లో నీళ్లలో ముంచి తెచ్చింది. ఆ రాళ్లే ఇంటికి గోడల్లాంటివట. వాటి బొరియల్లో కంటికి కనపడని జీవాలు ఉండి నీళ్లను శుభ్రం చేస్తాయట.

చేపలను, రొయ్యను బకెట్లలో పెట్టి, మెడికల్ షాపు నుంచి తెచ్చిన సెలైన్ పైపుతో కొత్త నీళ్లను చుక్క చుక్కగా వదిలింది. రోగికి ఎక్కించినట్టే! మూడు గంటలు పీట మీద కూర్చుని చుక్కలు లెక్కపెట్టింది. అన్నం తినలేదు. నేను ముద్ద కలిపి పెడతానంటే, "నాన్న, చెయ్యి తడిగుంది, అడ్డం జరుగు" అన్నది. ఎంత ముచ్చటేసిందో.

ఇంకో సంగతి. కొనాల్సిన పంపు ఇంకా రాలేదు. పోయిన ఏడు కాలిపోతే నేను కొత్తగా రాగి తీగ చుట్టి, గట్టి పూత పోసి మూసిన పాత పంపు ఉంది. అదే పెట్టింది. "నీ పంపే దిక్కు నాన్న" అన్నది. నలభై రెండేళ్లు ముషీరాబాద్‌లో మోటార్ వైండింగు చేసినవాడిని. ఎన్ని బోర్లకు, ఎన్ని పిండి గిర్నీలకు చుట్టానో. కానీ సముద్రాన్ని తిప్పే పంపు ఇదే మొదటిది.

ఉన్న ప్రాణాలు రాసి పెడుతున్నాను. నారింజ రంగు జోకరు చేపలు రెండు, పసుపు చేప ఒకటి, ఎర్ర చారల రొయ్య ఒకటి, నత్తలు పదకొండు, పగడాలు ఏడు గుంపులు. పగడాలను పువ్వులు అంటే నవత ఊరుకోదు. "పువ్వులు కావు నాన్న, జంతువులు. నోరున్నయ్."

చివరికి గట్టిగా చెప్పింది. "సబ్బు చెయ్యి పెట్టొద్దు. నూనె చెయ్యి పెట్టొద్దు. అగరొత్తి పొగ పెట్టొద్దు. ఏమన్న ఎయ్యాలనిపిస్తే నన్ను అడుగు."

3 నవంబర్, సోమవారం

కార్తీక సోమవారం. ఇంటికి గంగమ్మ వచ్చిన మర్నాడే కార్తీక సోమవారం కావడం మామూలు మాటా!

మా అమ్మ ఎల్లవ్వ రైలు గోదావరి దాటుతుంటే కిటికీలోంచి రాగి పైసా వేసేది. మా ఊరి బావి పూడిక తీసి కొత్త నీళ్లు ఊరినప్పుడు కూడా వేసేది. తెల్ల పైసా వేయనిచ్చేది కాదు, రాగిదే కావాలి. ఆమె మూటలోని నిజాం కాలపు పైసలు ఇంకా నా పెట్టెలో ఉన్నాయి.

నవత ఉప్పు డబ్బా తేవడానికి వెళ్లింది. చింతపండుతో ఐదు పైసలు తళతళలాడేదాకా తోమాను. సబ్బు వాడలేదు. చేతులు రెండుసార్లు ఒట్టి నీళ్లతోనే కడుక్కున్నాను. పెద్ద రాయి వెనక, ఎవరికీ కనపడనిచోట వేశాను. అడగమన్నది నిజమే. అడిగితే వద్దంటుంది, చదువుకున్న పిల్లలు అంతే. సబ్బు అన్నది, నూనె అన్నది, పొగ అన్నది. రాగి అనలేదు. నేను రోజూ పొద్దున రాగి చెంబులో నీళ్లే తాగుతాను. అరవై తొమ్మిదేళ్లు వచ్చాయి, ఇంతవరకు దవాఖానాలో పడుకోలేదు.

దండం పెట్టుకున్నాను. నా బిడ్డ గెలవాలి తల్లీ అన్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, తొట్టిలో పడకుండా వెనక్కి జరిగాను.

4 నవంబర్, మంగళవారం

రొయ్య నా వేలికి ఎదురుగా అద్దం దగ్గరకు వచ్చి మీసాలు ఊపింది. నన్ను గుర్తుపట్టింది!

6 నవంబర్, గురువారం

రెండు నత్తలు వెల్లకిలా పడ్డాయి. నవత వాటిని తిప్పి నిలబెట్టింది. మళ్లీ పడ్డాయి. కొత్త చోటు కదా, తిరుగుతాయి.

8 నవంబర్, శనివారం

ఆరు నత్తలు పోయాయి. రొయ్య పోయింది. పొద్దున లేచేసరికి రాయి మీద పడుకుని ఉంది, మీసాలు కదలడం లేదు. పగడాలు ముడుచుకున్నాయి. చేపలకేమో ఏమీ కాలేదు, మేత వేస్తే ఎగబడి తింటున్నాయి.

నవత పొద్దుటి నుంచి నీళ్లు పరీక్ష చేస్తూనే ఉంది. ఉప్పు సరిపోయింది. వేడి సరిపోయింది. చిన్న చిన్న గొట్టాల్లో చుక్కలు వేసి రంగులు చూసింది, అన్నీ సరిపోయాయి. నేల మీద కూర్చుని, "ఇసుక కదిలిచ్చిన నాన్న. పై పొరనే తీసిన అనుకున్న. లోతుకు పోయి ఉంటది" అన్నది.

"తొందరపడ్డవేమో బిడ్డా" అన్నాను.

ఓదార్పుగానే అన్నాను.

9 నవంబర్, ఆదివారం

ఇసుక వల్లనే అయి ఉంటుంది.

11 నవంబర్, మంగళవారం

నీళ్లను వడపోసే బొగ్గు సంచి తెమ్మని నన్ను చేపల దుకాణానికి పంపింది. దుకాణం సృజన్‌ది. నవతకు బాగా తెలిసినవాడు.

"నవతక్క రాలేదేంది అంకుల్?"

"నీళ్లు మారుస్తున్నది. నత్తలు చానా పోయినయ్. రొయ్య పోయింది. పగడాలు ముడుచుకున్నయ్."

"చేపలు?"

"చేపలు మంచిగనే ఉన్నయ్. తింటున్నయ్."

అతను సంచి కట్టడం ఆపాడు. "చేపలు మంచిగుండి మిగిలినయన్నీ పోతున్నయంటే నాకైతే రాగి అనిపిస్తున్నది. చేపల జబ్బుకు రాగి మందు ఏసిండ్రా?"

"లేదు."

"అక్క ఎయ్యదు లే. రాగి సంగతి ఆమెకు తెల్వనిదా? ఇసుకనే అయ్యుంటది."

సంచి చేతికి తీసుకున్నాను. మెట్లు దిగి మళ్లీ ఎక్కాను. "ఒకవేళ రాగి పడ్డదనుకో. తీసేస్తే అయిపాయె గద?"

"ఎవల తొట్ల అంకుల్?"

"ఊకెనే అడుగుతున్న."

"తీసినా పోదు. ఇసుక తాగుతది, రాళ్లు తాగుతయ్. మళ్ల మెల్లమెల్లగ ఇడుస్తనే ఉంటయ్. ఆ రాళ్ల మీద ఇంకో పగడం బతికిచ్చుడు కష్టం."

నారాయణగూడ చౌరస్తాలో చాలాసేపు నిలబడ్డాను. సిగ్నల్ ఎన్నిసార్లు మారిందో.

షాపువాడికి ఏం తెలుసు. వాడు కుర్రవాడు. ఐదు పైసలు ఎంత, అంత నీళ్లు ఎంత.

12 నవంబర్, బుధవారం

నవత నీళ్ల డబ్బాలకు వెళ్లినప్పుడు ప్లాస్టిక్ పటకారుతో తీశాను. ఐదూ దొరికాయి. తళతళలాడినవి నల్లబడి, అంచుల్లో పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. మళ్లీ మూటలో కట్టాను.

ఇంక బాగవుతుంది.

నవతకు చెప్పాలి. కానీ ఇప్పుడు చెబితే ఆమె మనసు చెదురుతుంది. ఇరవై మూడుకు డాక్టర్ వచ్చి పోయాక నెమ్మదిగా చెబుతాను. ఆమె మంచి కోసమే.

14 నవంబర్, శుక్రవారం

దోసెడంత పగడం, ఆ మొదటి తునకది, కరిగిపోతోంది. తడి బెల్లంలా.

16 నవంబర్, ఆదివారం

కాచిగూడలో తమ్ముడు ప్రేమ్‌సాగర్ ఇంట్లో కార్తీక భోజనాలు. మా అక్క నర్సింహమ్మ కూడా వచ్చింది. నవత రానన్నది. నేనే బలవంతపెట్టి తీసుకెళ్లాను, మనసు తేలికపడుతుందని.

విస్తళ్లు వేశారు. పప్పు వడ్డించకముందే ప్రేమ్‌సాగర్ మొదలుపెట్టాడు.

"ఏమమ్మా నవతా, గ్రూప్ వన్ల పోతివి, గ్రూప్ టూల పోతివి. ఇప్పుడు చేపల గ్రూపుల గూడ పోయినవంట గద?"

అందరూ నవ్వారు. వాడి కొడుకు సాయిచైతన్య, "డాడీ, చేపలు పాసైనయంట, నత్తలే ఫెయిలయినయంట" అన్నాడు. ఇంకా నవ్వారు. వాడు ఆ మాట అప్పుడే ఫోన్‌లో మా కుటుంబం గ్రూపులో పెట్టాడు. వరంగల్ నుంచి నా బామ్మర్ది రమాకాంత్ నవ్వే బొమ్మలు నాలుగు పంపాడు.

అక్కకు చెవుడు. "ఏమైందిరా?" అని గట్టిగా అడిగింది. ప్రేమ్‌సాగర్ అంతకన్నా గట్టిగా చెప్పాడు. "సముద్రం దెచ్చుకుని చంపుకున్నదక్కా!"

నవత తలెత్తి, "నాదే తప్పు బాబాయ్. ఇసుక కదిలిచ్చిన" అన్నది.

అప్పుడు అందరూ నా వైపు చూశారు. నేను ఏదో అనాలి కదా. "నేను చెప్తనే ఉన్న, జర మెల్లగ చెయ్యి బిడ్డా అని" అన్నాను.

నేను అట్లా చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

ప్రేమ్‌సాగర్ భార్య జయశ్రీ నా విస్తట్లో ఇంకో భక్ష్యం వేసి నెయ్యి పోసింది. బాగుంది. తిన్నాను.

18 నవంబర్, మంగళవారం

పదకొండో నత్త.

23 నవంబర్, ఆదివారం

వచ్చారు. చెప్పులు బయట విడిచి వచ్చారు, అంత పెద్ద డాక్టర్. తొట్టి ముందు వంగి చాలాసేపు చూశారు. ఆరు అడుగుల నీళ్లు, బోడి రాళ్లు, మూడు చేపలు.

నవత ఏమీ దాచలేదు. చచ్చిపోయిన నత్తల గుల్లలన్నీ ఒక సీసాలో వేసి ఉంచింది. అది ఆయన చేతికి ఇచ్చి, "పదకొండు సార్. ఒక్కటని చెప్పిన మీకు" అన్నది.

ఆయన సీసా పట్టుకుని, "కారణం తెలిసిందా అమ్మా?" అని అడిగారు.

"ఇసుక అనుకుంటున్న సార్. పక్కా తెల్వది."

"కారణం తెలిసుంటే నేను ధైర్యం చేసేవాణ్ని. మళ్లీ అదే తప్పు జరగదు అనుకునేవాణ్ని. తెలియకుండా నా వాటిని ఎట్లా ఇవ్వను?"

నేను రెండడుగుల దూరంలో టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. కారణం అడిగారు. ఆ గదిలో కారణం తెలిసినవాడు ఒకడు ఉన్నాడు. "చక్కెర ఏమన్న తక్కువైందా సార్?" అని అడిగాను.

సరిపోయింది అన్నారు. వెళ్లిపోయారు.

నవత సీసా కిటికీలో పెట్టి, "రేపటికెల్లి అశోక్ నగర్ పోత నాన్న. మళ్ల నోటిఫికేషన్ పడుతదంటున్నరు" అన్నది. ఆమెకు ముప్పై రెండేళ్లు వచ్చాయి.

24 నవంబర్, సోమవారం

ఈ రోజు చెబుదామనుకున్నాను. ఆమె పొద్దున్నే వెళ్లిపోయింది.

26 నవంబర్, బుధవారం

ఎట్లా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున రీడింగ్ రూముకు వెళ్లకుండా నవత సృజన్ దుకాణానికి వెళ్లి రాగి పరీక్ష చేసే డబ్బా తెచ్చింది. డాక్టర్ గారు కారణం అడిగిన మాట ఆమెను వదలలేదట. తొట్టి తీసేసే ముందు ఇదొక్కటి చూస్తానన్నది. గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేసింది. నీళ్లు నీలంగా మారాయి.

"రాగి నాన్న" అన్నది. ముఖంలో మూడు వారాల తర్వాత వెలుగు వచ్చింది. "ఇసుక కాదు. నేను కాదు. రాగి!"

మంజుల వంటింట్లోంచి వచ్చింది. నేను కుర్చీలో ఉన్నాను.

నవత తొట్టి చుట్టూ తిరిగింది. తొట్టి కింది అర తలుపు తీసి, అక్కడి చిన్న తొట్టిలో నీళ్లను పైకి తోస్తున్న పంపును చూసింది. అక్కడే ఆగిపోయింది.

"నీ పంపు నాన్న."

"ఏంది?"

"లోపటంత రాగి తీగనే గద. పూత పగిలుంటది, ఉప్పు నీళ్లు లోపటికి పోయినయ్. కొత్తది వచ్చేదాంక ఆగకపోతిని. నాన్న చుట్టిండు గద, ఏం కాదని నమ్మిన."

నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో తెలియదు.

"నా వైండింగు లీకయితదా? నలభై రెండేండ్లు! ముషీరాబాద్ల ఎవల్నన్న అడుగు, లక్ష్మయ్య చుట్టిన మోటరు మళ్ల వాపస్ వచ్చిందా అని! విప్పు! ఇప్పుడే విప్పి చూడు! లోపటికి చుక్క నీళ్లు పోయుంటే నా చెయ్యి నరుకు! ఆ రాగి నా పంపుది కాదు, పైసలది!"

నవత పంపును వదిలి నా వైపు తిరిగింది.

"ఏ పైసలు?" అన్నది నవత.

చెప్పాను. గోదావరి, బావి, కార్తీక సోమవారం, చింతపండు, అన్నీ చెప్పాను. మంజుల గోడకు ఆనుకుంది.

"ఇంకా దాంట్లనే ఉన్నయా?"

"లేవు. తీసిన."

"ఎప్పుడు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. నిన్న అని చెప్పవచ్చు. "పన్నెండు తారీఖు" అన్నాను.

ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. "బాబాయింట్ల భోజనాలు పదహారు నాడు. డాక్టర్ సార్ వచ్చింది ఇరవై మూడు నాడు."

"బిడ్డా..."

"పైసలు తెల్వక ఏసినవ్. సరే. దానికి నేనేమంటలేను." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నన్ను అంత మంది అంటుంటే నీ నోరు లేవలే నాన్న. పంపును అనంగనే లేచింది."

తర్వాత స్విచ్ ఆపి, పంపును బయటికి తీసింది. గుడ్డతో తుడిచింది. పేపరు పరిచి, స్క్రూ తిప్పి, రంపం బ్లేడుతో పూత కోసింది. అరగంట పట్టింది. లోపల తీగ చుట్టలు ఎర్రగా, పొడిగా, నేను చుట్టినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లనే ఉన్నాయి.

ఆ పేపరును నా కాళ్ల ముందుకు జరిపింది.

"మంచిగనే చుట్టినవ్ నాన్న" అన్నది.

27 నవంబర్, గురువారం

నవత పొద్దున లేచి చేపలకు మేత వేసి అశోక్ నగర్ వెళ్లింది. నాతో మాట్లాడలేదు. మాట్లాడననీ అనలేదు. రాళ్లు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో అడగడానికి నాకు నోరు రాలేదు.

నేను కూర్చుని ఏడుస్తుంటే మంజుల పొయ్యి దగ్గర నుంచి, "నా ముందర ఏడ్సుడు దేనికి? ఎవలెవలు నవ్విండ్రో ఆళ్ల ముందరికి పోయి చెప్పు" అన్నది.

చెప్పాల్సినవాళ్లు:

ప్రేమ్‌సాగర్. కాచిగూడకు నేనే వెళ్లాలి. ఫోన్‌లో కాదు. నవతను మెల్లగా చేయమని చెప్పాను అన్నది అబద్ధమని కూడా చెప్పాలి.

జయశ్రీ. ప్రేమ్‌సాగర్ పక్కనే ఉన్నప్పుడు చెప్పాలి, లేకపోతే వాడు ఆమెకు వేరే రకంగా చెబుతాడు.

సాయిచైతన్య. నత్తలు ఫెయిలు అని గ్రూపులో పెట్టినవాడు. చంపింది పెద్దనాన్న అని అదే గ్రూపులో, నా పేరుతో, వాడి చేతనే రాయించాలి. నాకు ఫోన్‌లో తెలుగు కొట్టడం రాదు.

రమాకాంత్, వరంగల్. గ్రూపులో చూస్తాడు. అయినా ఫోన్ చేయాలి. నవ్వుతాడు. నవ్వనివ్వాలి.

నర్సింహమ్మ అక్క. అరిచి చెప్పాలి. ఇరుగుపొరుగు అందరికీ వినపడుతుంది. వినపడనీ.

రామచంద్రరావు గారు. చుట్టం కాదు. కానీ కారణం అడిగింది ఆయన ఒక్కరే. అందరికన్నా ముందు ఈయన దగ్గరికి, రేపు పొద్దున ఓపీ మొదలయ్యేలోపు.

నవత. ఆమెకు తెలుసు. అయినా చెప్పాలి. పంపు మాట ఎత్తకుండా.